నా గోతిలో డోర్కస్ అత్త

నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని బఠాణీలు తింటూ ఉండగానే నా జ్ఞాపకార్థం గ్లాసులెత్తారే, హిట్టీ. చోద్యం కాదూ ఇది?

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఊళ్ళో మగాళ్ళందరూ లేచి, టోపీలు తీసి, "మన ఓబద్యా స్టెట్సన్‌కి" అన్నారు. మనిషి పోయాక అతని పేరు పలికే తీరు ఒకటుంటుందే, గొంతు కాస్త దించి, నేల చూసుకుంటూ. అచ్చం అలాగే అన్నారు. నేనేం చెయ్యాలి? లేచి వందనాలు చెప్పాలా? పోయినవాడు లేచి వందనాలు చెబుతాడా?

కాసేపట్లో వస్తానని ఇటు వచ్చేశాను. ఎక్కడికని ఒక్కడూ అడగలేదు. శ్మశానం వైపు నడుస్తుంటే దారిచ్చి తప్పుకున్నారు. ఇన్నేళ్ళు ఈ ఊరికి గుడి గంట కొట్టాను, గోతులు తవ్వాను, మంచు ఎత్తిపోశాను, ఇంత మర్యాద ఏనాడూ జరగలేదు నాకు.

ఉండు, కాస్త నీ రాతికి ఆనుకుంటాను. నీ పేరు పక్కన నా పేరుకని ఖాళీ వదిలించాను చూడు, అక్కడే, నునుపుగా ఉంది. పాస్టరు గారు చూస్తే కోప్పడతారు. పోయినవాళ్ళతో మాటలేమిటి, అది రోము పోపు మతం వాళ్ళ అలవాటు అంటారు. నేనేమైనా నీకు ప్రార్థన చేస్తున్నానా? ప్రార్థన ప్రభువుకే చేస్తాను, పొద్దున్నా సాయంత్రం. కబుర్లు మాత్రం నీకే. పెళ్ళయిన నాటి నుంచీ అంతేగా.

అటు పక్కనున్న థేయరమ్మా, నువ్వు కూడా విను. బతికుండగా నా కథలంటే పని మానుకుని కూర్చునేదానివి.

డ్రమ్ము వినిపిస్తోందా? జూలై నాలుగు, స్వాతంత్ర్యం పండగ కదా, మైదానంలో విందు. తుపాకులు కూడా మోగుతున్నాయి. ఫిరంగి మాత్రం మోగదు. ఎందుకు మోగదో ఈ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. నీకు తెలియదని ఎలా అంటాను, నీ పక్కనే పడుకుని ఉందాయె.

నవ్వకు.

మన ఊరి ఫిరంగి నీకు గుర్తుందా? ఎలా మర్చిపోతావులే. యుద్ధంలో సరటోగా దగ్గర ఇంగ్లీషు వాళ్ళు ఓడి వదిలేసి పోతే, మన ఊరి వాళ్ళం రొచ్చులోంచి తాళ్ళతో లాగి, ఆ చలికాలమంతా మంచు మీద ఈడ్చుకుంటూ తెచ్చాం. నా బూట్లు అక్కడే పోయాయి. దానికి మా డోర్కస్ అత్త పేరు పెట్టింది కూడా నేనే. అత్త నోరు విప్పితే పక్క ఊళ్ళో కుక్కలు లేచేవి, ఇదీ అంతే. నీకు అత్తంటే బొత్తిగా పడేది కాదు. ఒక గదిలో నిన్నూ ఆవిడనీ పడుకోబెడితే తెల్లారేసరికి నువ్వు కొట్టంలో తేలేదానివి. అలాంటిది నీ పక్కన ఆ పేరుగల దాన్ని పడుకోబెట్టానంటే, ఎంత గతిలేక చేశానో ఆలోచించు.

నువ్వు పోయేనాటికి మన పిల్లలిద్దరూ ఆరాధనకి వచ్చి ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. అటు పెద్దాడు అసాహెల్, ఇటు చిన్నాడు జోతమ్, మధ్యలో నువ్వు. మధ్యలో నువ్వు ఖాళీ చేసిన ఆ చోట్లోంచే మొదలైందనుకుంటా అంతా.

పెద్దాడు ఇప్పుడు కొట్టు నడుపుతూ ఊరి సిపాయి దళానికి కెప్టెన్ కూడా అయ్యాడు. టోపీకి నల్ల రిబ్బను పువ్వు. అంటే ప్రెసిడెంటు గారి పక్షం, ఫెడరలిస్టు. దేశమన్నాక సర్కారుకి గట్టి చెయ్యి ఉండాలంటాడు. చిన్నాడి టోపీకి ఎరుపూ తెలుపూ నీలం కలిపిన పువ్వు. వాడు రిపబ్లికన్. సర్కారు చెయ్యి గట్టిపడిందంటే ముందు పట్టుకునేది మన మెడేనంటాడు. వాడి కొలిమి దగ్గర ఇనుము కన్నా మాటలే ఎక్కువ కాలుతున్నాయి.

ఒక ఆదివారం గుడి మెట్ల మీదే మొదలెట్టారు.

"ఇంట్లో తాళాలు ఒకరి దగ్గర ఉండాలా వద్దా?" అన్నాడు పెద్దాడు. "పదహారు రాష్ట్రాలురా, పదహారు నోళ్ళు. రేపు ఫ్రాన్సు వాడు ఓడలేసుకుని వస్తే ఒకడు తలుపు తీస్తాడు, ఒకడు వేస్తాడు."

"తాళాలు వాడికిచ్చాక మనం లోపలుండాలో బయటుండాలో కూడా వాడే చెబుతాడన్నా," అన్నాడు చిన్నాడు. "లండన్ రాజుని నెత్తి మీంచి దింపింది ఫిలడెల్ఫియాలో ఇంకో రాజుని ఎక్కించుకోవడానికా?"

"నోరు జాగ్రత్త. సర్కారుని తిడితే జైలని చట్టం వస్తోంది."

"అదేగా నేననేది. నోటికి కూడా చట్టం వస్తోంది. నువ్వే రాసి పంపించు, మా తమ్ముడు ఇలా కూశాడని. పుణ్యముంటుంది."

ఆ మాటకి పెద్దాడి మొహం చూడాల్సింది. ఎర్రగా కాదు, తెల్లగా అయిపోయింది. మరుసటి ఆదివారం నుంచి జోతమ్ పైన గ్యాలరీలోకి మారిపోయాడు. బెంచీ మీద నేనూ పెద్దాడూ. కీర్తన పాడేటప్పుడు చిన్నాడి గొంతు నెత్తి మీంచి వచ్చేది. నేను తలెత్తితే పెద్దాడికి కోపం, తలెత్తకపోతే చిన్నాడికి.

నిజం చెప్పనా? ఇద్దరిదీ సబబే అనిపిస్తుంది నాకు. యుద్ధంలో కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని నడిచినవాణ్ణి. బూట్లు పంపండి మొర్రో అంటే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నీ వంతు నీ వంతు అంటూ కూర్చున్నప్పుడు, ఒక్క గట్టి చెయ్యి ఉంటే బాగుండునని నేనూ అనుకున్నాను. మరి పోయిన ఏడు పట్నం నుంచి ఒకడొచ్చి, నా ఇంట్లో నా కిటికీలు పన్ను కోసం కొలుచుకుని పోతుంటే, ఇందుకా బాబూ నేను కాళ్ళు పుండ్లు చేసుకుంది అని కూడా అనుకున్నాను. నువ్వుంటే చీపురు తిరగేసేదానివి. పెద్దాడు మాట్లాడుతుంటే వాడికి తలూపుతాను, చిన్నాడు మాట్లాడుతుంటే వాడికి. అందుకే ఇద్దరికీ నేను పనికిరాకుండా పోయాను.

పోనీ, తిట్టుకున్నారు, ఎడమొహం పెడమొహం అయ్యారు, అంతవరకూ ఓర్చుకున్నాను. ఫిరంగి దగ్గరికి వచ్చేసరికి కథ మారింది.

పోయిన జూలై నాలుగు. రెండు పక్షాలూ వేరువేరుగా విందులు పెట్టుకున్నారు, మైదానం ఆ చివర వాళ్ళు, ఈ చివర వీళ్ళు. ఉన్నది ఒకే ఫిరంగి. ముందు మేం పేలుస్తామంటే మేమని. పెద్దాడి వాదన ఏమిటంటే, యుద్ధంలో పట్టుబడిన ఆయుధం దేశానిది, దేశం తరఫున ఇక్కడ కెప్టెన్ నేను, కాబట్టి నా చెయ్యి పడాలి. చిన్నాడంటాడూ, ఈడ్చుకొచ్చింది ఈ ఊరి మనుషులు, వాళ్ళ పిల్లలం మేము, ఫిలడెల్ఫియాలో ఎవడికీ దీని మీద తాడు ముక్కంత హక్కు లేదు. మధ్యలో పాపం లాయరు బ్యాంగ్స్ గారు లేచి, న్యాయంగా చూస్తే ఇది దేశానిదీ కాదు, ఊరిదీ కాదు, మసాచుసెట్స్ రాష్ట్రానిది అన్నారు. ఆ ఒక్క మాట మీద మాత్రం రెండు పక్షాలూ కలిసి ఆయన్ని తోసేశాయి.

డోర్కస్ అత్తకి అప్పటికే మందు కూరి ఉంది. జోతమ్ వెళ్ళి దాని నోటికి ఎదురుగా నిలబడ్డాడు, చొక్కా గుండీలు విప్పుకుని. "పేల్చు. నీ సర్కారు బలమెంతో చూపించు" అన్నాడు.

నిప్పు కర్ర ఎవరి చేతిలో ఉందనుకున్నావు? మన అసాహెల్ చేతిలో.

"పక్కకి జరగరా."

"జరగను."

"ఇది ఆజ్ఞ."

"నేను నీ తమ్ముణ్ణిరా, నీ సిపాయిని కాను."

వాడు పేల్చేవాడు కాదు. కాదు కదా? నేను పెంచిన పిల్లాడు. కానీ వాడి చెయ్యి వణికిపోతోంది హిట్టీ, ఆ కర్ర కొసన నిప్పు కూడా దానితో పాటే అటూ ఇటూ ఊగుతోంది, మందు పోసిన కంత మీదే. చెయ్యి వణకడానికి మనసు ఒప్పుకోనక్కర్లేదుగా. నేను పోయి ఆ కంత మీద అరచెయ్యి వేసి మూసేశాను. నిప్పు రవ్వ ఒకటి చేతి మీద పడింది. ఇదిగో, మచ్చ. ఆ వాసనకి అందరికీ స్పృహ వచ్చింది. పాస్టరు గారు కీర్తన ఎత్తుకున్నారు, ఎవరి చివరకి వాళ్ళు పోయారు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర కుదిరింది లేదు. కన్ను మూస్తే గుండీలు విప్పిన ఆ చొక్కా, ఊగే ఆ నిప్పు.

ఈ వసంతంలో పెద్దాడు పైకి రాశాడు, ఫ్రాన్సుతో యుద్ధం వచ్చేలా ఉంది కదా, మా ఊరి ఫిరంగిని దేశ సైన్యానికి తీసుకోండి అని. పండక్కి ముందే బండి పంపిస్తామని జవాబొచ్చింది. బండి ఊళ్ళోకి రావడం వరకే వాళ్ళిష్టం, పోవడం మా ఇష్టం అన్నాడు చిన్నాడు. కొలిమి దగ్గర తుపాకులు తుడుస్తున్నారు. అప్పుడు ఊరి సభ పెట్టారు, ఫిరంగి ఎవరిదో ఓట్లేసి తేల్చుకుందామని. సభకి గంట కొట్టింది నేనే. కొట్టి, తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలికి రమ్మన్నారు. ఉక్కగా ఉందన్నాను. ఉక్కగానే ఉంది హిట్టీ, అది అబద్ధం కాదు.

తలుపు మూసుకుంది. లోపల రాజ్యాంగమంటున్నారు, రాష్ట్రాల హక్కులంటున్నారు, బల్లలు గుద్దుతున్నారు. ఫిరంగి గుడి వెనక గుర్రాల కొట్టంలో ఉంది. దాని గురించి లోపల అంత గొడవ జరుగుతుంటే దాని దగ్గర కాపలాకి మనిషి లేడు. ఉన్నవాళ్ళందరూ వాదించడానికే పోయారు.

గొయ్యి ముందు రోజే తవ్వి పెట్టుకున్నాను, ఇక్కడే, నా చోట్లో. నేను గొయ్యి తవ్వుతుంటే ఎవరైనా ఆగి అడుగుతారా? నా పనే అది. మన ముసలి ఎద్దుకి పొలంలో రాళ్ళు లాగే బల్ల కట్టి, బండి చక్రాల మీంచి గొట్టాన్ని దాని మీదికి దొర్లించి, పల్లానికి తోలుకొచ్చాను. శవపేటికలు దించే తాళ్ళతోనే దించాను. దించేముందు నువ్వు నేసిన నీలం దుప్పటి చుట్టాను. ఎందుకు చుట్టానో నాకూ తెలీదు. తుప్పు పట్టకుండా అనుకుందాం.

చివరి పార మట్టి వేస్తుండగా లోపల ఓట్లు లెక్కపెట్టారు. అటెన్నో ఇటూ అన్నే. నేనొక్కణ్ణి లోపలుండి ఉంటే ఏదో ఒకటి తేలిపోయేది. ఎటు తేలినా మన ఇంట్లో ఒకడు పోయేవాడు. ఉక్కగా ఉండటమే మంచిదైంది.

బయటికొచ్చి చూస్తే కొట్టంలో చక్రాలున్నాయి, అత్త లేదు. మీరు దొంగిలించారంటే మీరని కాసేపు అరుచుకున్నారు. కానీ ఎలా? రెండు పక్షాలూ తలుపులేసుకుని లోపలే ఉన్నాయాయె. బ్యాంగ్స్ గారు నన్ను అడిగారు, "మీ అబ్బాయిల్లో ఎవరైనా తీశారా ఓబద్యా?" అని. "లేదండీ, ఇద్దరూ మీ కళ్ళ ముందే ఉన్నారుగా" అన్నాను. నువ్వు తీశావా అని అడిగితే చెప్పేసేవాణ్ణి, దేవుడి తోడు. గంట కొట్టే ముసలాణ్ణి ఎవరడుగుతారు? సైన్యం బండి వచ్చింది, ఖాళీగా పోయింది. ఒక్క తుపాకీ పేలలేదు.

అక్కడితో అయిపోతే నేనిలా నీ రాతి మీద వాలి ఆయాసపడేవాణ్ణి కాదు.

ఆదివారం రెండు ప్రసంగాల మధ్య జనం ఇటే వస్తారు కదా, చద్ది మూటలు విప్పుకుని, సమాధుల మధ్య తిరుగుతూ. అందరికన్నా ముందు మీ చెల్లెలు సబ్మిట్ చూసింది, నీ పక్కన తాజా మట్టి.

"బావా, ఇదెవరిది? చావు గంట వినపడలేదే?"

"నాదేలే" అన్నాను. చోటు నాదేగా. మరేమనాలి?

అది నన్నూ మట్టినీ మార్చి మార్చి చూసింది. చేతిలో జున్నుముక్క కింద పడిపోయింది. సాయంత్రం ప్రసంగం అయ్యేసరికి ఊరంతా పాకింది. ఏమని? ఓబద్యాకి పైనుంచి పిలుపు వస్తోందని తెలిసిపోయింది. చలికాలంలో పోతే నేల రాయిలా ఉంటుంది, వసంతం దాకా శవాన్ని కొట్టంలో పెట్టుకుని పిల్లలు అవస్థ పడతారని, ముందే తన గొయ్యి తానే తవ్వి, మెత్తటి మట్టితో పూడ్చి పెట్టుకున్నాడు. ఎంత ముందుచూపు, ఎంత భక్తి.

నేను నోరు తెరిచేలోగా పాస్టరు గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "సిద్ధంగా ఉన్నావా ఓబద్యా?"

"అందరం సిద్ధంగా ఉండాల్సినవాళ్ళమే కదండీ."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. మళ్ళీ ఆదివారం దాని మీదే ప్రసంగం. నేను కింద బెంచీలో కూర్చుని నా గురించి నేనే వింటున్నాను, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఆ వారంలోనే వచ్చారు హిట్టీ, ఇద్దరూ. పెద్దాడు పెళ్ళాం చేసిన గుడ్ల పాయసం గిన్నె పట్టుకుని ముందు తలుపులోంచి. చిన్నాడు పొయ్యి కొక్కెం బాగుచేస్తానని వెనక తలుపులోంచి. వంటగదిలో ఎదురుపడ్డారు.

"నువ్వెందుకొచ్చావు?"

"నాన్నని చూడ్డానికి. దానికీ చట్టమేమైనా వచ్చిందా?"

నేను దగ్గాను. కావాలనే. ఇద్దరూ నోరు మూసుకుని నా వైపు తిరిగారు. ఆ చూపు చూసి ఎన్నాళ్ళయిందో. చిన్నప్పుడు గడ్డివాము మీంచి పడి వచ్చేవాళ్ళే, అలాంటి చూపు.

చెప్పేద్దామనే అనుకున్నాను, నమ్ము. మాట గొంతు దాకా వచ్చింది. ఇంతలో జోతమ్ ఒక కుర్చీ లాగి అన్నయ్య వైపు తోశాడు, "కూర్చో, పాయసం చల్లారుతుంది" అంటూ. ఆ కుర్చీ నేల మీద గీసుకున్న చప్పుడు విని నా మాట వెనక్కి పోయింది.

అప్పట్నుంచి రోజు మార్చి రోజు వస్తున్నారు. వాదించుకోవడం మానలేదనుకో. నేను కళ్ళు మూసుకుని పడుకుంటాను, వాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుంటారు.

"సైన్యం లేకుండా దేశమేంట్రా?" గుసగుసగా.

"యుద్ధం లేనప్పుడు సైన్యమెందుకన్నా, మన మీదికి తోలడానికా?" ఇంకా గుసగుసగా.

"మెల్లగా. నాన్న లేస్తాడు."

"నువ్వే అరిచింది."

ఆ ఫిలడెల్ఫియాలో పెద్దమనుషులు కూడా పక్క గదిలో ఎవరో పడుకున్నారనుకుని మాట్లాడుకుంటే ఎంత బాగుండును. పోయిన ఆదివారం జోతమ్ గ్యాలరీ దిగి వచ్చి బెంచీలో కూర్చున్నాడు. అటు వాడు, ఇటు వీడు, మధ్యలో నేను. నీ చోట్లో. కీర్తన పాడలేకపోయాను.

నేను అబద్ధమాడలేదు. ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ ప్రభువు మాటలే చూస్తాడా? నా దగ్గు కూడా వింటాడు కదా. రోజూ మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు అక్కడికొచ్చేసరికి ప్రార్థన తడబడుతోంది.

సరే, ఇవాళ్టి సంగతి. నా పుణ్యమా అని రెండు పక్షాలూ ఒకే విందు పెట్టాయి. ముసలాయనకి ఇదే ఆఖరి పండగ, ఆయన కళ్ళ ముందు కొట్టుకోవద్దని. ఒకే బల్ల, నల్ల పువ్వు పక్కన మూడు రంగుల పువ్వు. సాల్మన్ చేప, బఠాణీలు, రమ్ము. దేశానికి ఒక గ్లాసు, రాష్ట్రాలకి ఒక గ్లాసు, దేనికి ముందు అన్న దగ్గర కాస్త చిటపటలాడింది కానీ సర్దుకున్నారు. అప్పుడు లేచాడు అసాహెల్, నా పేరు చెప్పి గ్లాసెత్తాడు.

"డోర్కస్ అత్తని రొచ్చులోంచి తెచ్చినవాళ్ళలో మిగిలింది మా నాన్నొక్కడే," అన్నాడు. "అది ఎవడి దగ్గరున్నా, ఏ పక్షం వాడైనా, నేనేమీ అడగను. వెతికి తెస్తాను. నాన్న సమాధి దగ్గర దాన్ని పేల్చి ఆయన్ని సాగనంపుతాను."

జోతమ్ కూడా లేచాడు. "అన్నయ్యొక్కడే కాదు, ఇద్దరం. మందు నేను కూరతాను, నిప్పు అన్నయ్య పెడతాడు." అని, అన్నయ్య వైపు తిరిగి, "ఈసారి నేను ఎదురుగా నిలబడను" అన్నాడు.

జనం ఘొల్లుమని నవ్వారు. నవ్వి ఏడ్చారు. అసాహెల్ వాణ్ణి కౌగిలించుకున్నాడే, అందరి ముందూ. వాడి టోపీ కింద పడింది, నల్ల పువ్వు రమ్ము గిన్నెలో తేలింది. తీసి పిండుకుని పెట్టుకున్నాడు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇంతకన్నా ఏం కావాలి ప్రభూ, ఇప్పుడు తీసుకుపోయినా సరే అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే జోతమ్ ఇంకో మాటన్నాడు.

"గొయ్యి కూడా వేరేవాళ్ళ చేత తవ్వించం. నేనూ అన్నయ్యా తవ్వుతాం. నాన్న ఎలాగూ నేల మెత్తగా చేసి పెట్టాడు."

బఠాణీ గొంతుకి అడ్డం పడింది.

ఈ ఊళ్ళో గోతులన్నీ నేనే తవ్వాను. పుట్టిన వారానికే పోయిన పిల్లల దగ్గర్నుంచీ నీ దాకా. నా గొయ్యి ఒక్కటే వేరేవాళ్ళు తవ్వాలి. ఆ సంగతి గొయ్యి పూడ్చేటప్పుడు తట్టలేదు చూడు. అన్నీ ఆలోచించాను, ఎద్దు గిట్టల గుర్తులు చెరిపాను, బల్ల ఈడ్చిన చారలు కప్పాను, ఇది మాత్రం తట్టలేదు. నేను పోతాననే అనుకోలేదేమో. లేక ఈ లోపల వీళ్ళకి బుద్ధొస్తుందనుకున్నానేమో.

కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. పెట్టె పక్కన పెట్టి ఉంటుంది, అందులో నేను. ఊరంతా చుట్టూ. వీళ్ళిద్దరూ కోట్లు విప్పి మోకాళ్ళ లోతు దిగుతారు, నడుము లోతు దిగుతారు. పారకి నీలం దుప్పటి తగులుతుంది. అది నీ నేత అని ఇద్దరికీ తెలుస్తుంది, ఇద్దరూ దాని కింద పడుకుని పెరిగినవాళ్ళేగా. దాని కింద ఇనుము. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. అప్పుడు? చుట్టూ ఉన్నది ఇవాళ బల్ల దగ్గర నవ్వినవాళ్ళే. టోపీలకి ఆ పువ్వులూ ఉంటాయి. వచ్చే ఏడు ప్రెసిడెంటు ఎన్నికలట, అప్పటికి ఎంత విషం ఎక్కుతుందో ఎవరికి తెలుసు? పేలుద్దాం రా అన్నయ్యా అంటాడా జోతమ్, ఊరి నేలలో దొరికింది కాబట్టి ఊరిదే అంటాడా? ఇంకోసారి గుండీలు విప్పుతాడా? ఆ రోజు కంత మీద చెయ్యి పెట్టడానికి నేనుండను. ఉంటాను, పక్కనే ఉంటాను, కానీ చేతులు కట్టేసి ఉంటాయి.

ఇప్పుడే వెళ్ళి చెప్పేయమంటావా? నువ్వు అదే అంటావు, తెలుసు. చెబితే ఏమవుతుంది? నేను చావబోవట్లేదని తెలుస్తుంది. కుర్చీ మళ్ళీ దూరంగా జరుగుతుంది. జోతమ్ గ్యాలరీ ఎక్కుతాడు. సైన్యం బండి మళ్ళీ వస్తుంది. ఒక్క శీతాకాలమైనా, హిట్టీ. ఒక్క శీతాకాలం వాళ్ళ గుసగుసలు వింటూ నన్ను పడుకోనివ్వు.

అదిగో, పిలుస్తున్నారు. ఇద్దరి గొంతులూ కలిసి వస్తున్నాయి విను, "నాన్నా" అంటూ. ఆ కలవడం కోసమే కదా ఈ పాట్లన్నీ.

వస్తున్నాను రా, వస్తున్నా.

ఉండు, పోయేముందు ఒకటి చెప్పాలి. థేయరమ్మా, నువ్వు అటు తిరుగు, ఇది మా ఇద్దరిదీ.

వంటగదిలో ఆ మొదటి రోజు దగ్గానన్నానే, కావాలని? ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు కావాలనే దగ్గాను. వాళ్ళ గొంతు లేచినప్పుడల్లా ఒకటి. బాగా కుదిరేది. ఈ మధ్య నేను పిలవకుండానే వస్తోంది. పొద్దున్న రుమాల్లో ఎరుపు కనిపించింది. బఠాణీ గొంతుకి అడ్డం పడిందన్నానే, బఠాణీ కాదే అది.

నేల మెత్తగానే ఉందిలే. వాళ్ళకి కష్టం ఉండదు.

నువ్వు మాత్రం ఒక పని చెయ్యి. పారకి ఇనుము తగిలినప్పుడు వాళ్ళలో ముందు ఎవడు నవ్వుతాడో చూసి పెట్టు. ఎవడో ఒకడు నవ్వాలి. నాకు నువ్వే చెప్పాలి, ఆ పెట్టెలో నాకు వినపడదు.